నలభై ఐదు దాటాక ఒళ్ళు వంచొచ్చా? అనంతపురం నడివయసు వాళ్ళకు గట్టి వ్యాయామం మార్గదర్శి

"ఇంత వయసొచ్చినాక ఇంగ ఈ పరుగులెందుకప్పా? నాలుగు రౌండ్లు నడిస్తే చాలదా?"

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడివయసు మనిషి ఎవరైనా చెమటలు కారేలా పరుగెత్తుతుంటే ఈ మాట వినబడుతుంది. అనేవాళ్ళు మంచి కోరే అంటారు. 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో 46 ఏళ్ళకే పోయారు. నాలుగు నెలలు తిరక్కుండానే మన రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి కూడా హఠాత్తుగా కన్నుమూశారు. ఇద్దరూ ఒంటిని బాగా చూసుకునేవాళ్ళే. ఆ తర్వాత మన ఇళ్ళలో భయం పట్టుకుంది. చాలామంది జిమ్ మానేసి మెల్లగా నడవడంతో సరిపెట్టుకున్నారు.

ఆ భయం అర్థం లేనిది కాదు. దాని నుంచి తీసిన నిర్ణయమే తప్పు. నలభై ఐదు, యాభై, యాభై ఐదు ఏళ్ళ వయసు గట్టి వ్యాయామానికి అడ్డు కాదు. సిద్ధం కాని శరీరాన్ని ఒక్కసారిగా గట్టి శ్రమలోకి తోయడం అడ్డు. అమెరికాలో 1993లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఈ తేడాను లెక్కతో చూపించింది. అసలు కదలని అలవాటున్న మనిషి ఒక్కసారిగా భారీ శ్రమ చేస్తే, ఆ గంటలో గుండెపోటు ముప్పు మామూలు సమయం కంటే వంద రెట్లకు పైగా పెరిగింది. వారానికి ఐదు సార్లు లేదా అంతకంటే ఎక్కువ వ్యాయామం చేసేవాళ్ళలో అదే ముప్పు రెండున్నర రెట్లు కూడా దాటలేదు. శ్రమ ఒకటే, ముందు జరిగిన సాధన వేరు. వంద రెట్లు అన్నా అది ఆ ఒక్క గంటకు సంబంధించిన లెక్కే, అసలు ముప్పు చిన్నదే. అయినా ఆ గంటలోకి సిద్ధపడే అడుగుపెట్టాలి.

ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. అమెరికాలోని డాలస్‌లో గుండె పరిశోధకుడు బెంజమిన్ లెవిన్ బృందం 45 నుంచి 64 ఏళ్ళ మధ్య, వ్యాయామం అలవాటు లేని ఆరోగ్యవంతుల చేత రెండేళ్ళు క్రమంగా పెంచుతూ వ్యాయామం చేయించింది. అందులో గట్టి ఇంటర్వెల్స్, అంటే కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి చేసే విడతలు కూడా ఉన్నాయి. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం వాళ్ళ శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి 18 శాతం పెరిగింది, గుండె కండరం బిరుసుదనం పావు వంతు తగ్గింది. అదే బృందం అంతకుముందు డెబ్బై ఏళ్ళ వాళ్ళ చేత ఏడాది చేయించినప్పుడు దమ్ము పెరిగింది గానీ గుండె బిరుసు పెద్దగా తగ్గలేదు. కాబట్టి నడివయసును దాటిపోయిన గడువుగా చూడకండి. గుండెను మళ్ళీ మెత్తబరచుకోవడానికి మిగిలిన మంచి అవకాశం అదే.

ఇప్పుడు చేసే పద్ధతికి వద్దాం. మొత్తం ఆరు నెలల పని ఇది. తొందరపడేవాళ్ళ కోసం రాసింది కాదు.

గట్టి వ్యాయామం అంటే ఎంత?

పక్కవాళ్ళను చూసి కొలవకండి. గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే ఇరవై ఏళ్ళ పిల్లలకు గట్టిది వేరు, మీకు వేరు. మాటతో కొలవండి. నడుస్తూ ధారాళంగా మాట్లాడగలిగితే అది తేలిక. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే మధ్యస్థం. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టిది. ఎత్తు మీద వేగంగా నడిచినా కొందరికి ఆ స్థాయి వచ్చేస్తుంది. వాళ్ళు పరుగెత్తాల్సిన పనే లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కొలత వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం. రెండూ కలిపి చేసుకోవచ్చు. దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని. మన ఊర్లో నడిచేవాళ్ళలో చాలామంది వదిలేసేది ఈ చివరిదాన్నే.

మొదటి అడుగు: ఒళ్ళు చూపించుకోవడం

దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు మిగతా దేశాల వాళ్ళకంటే ఐదారేళ్ళు ముందే వస్తోందని అంతర్జాతీయ అధ్యయనాలు చెబుతున్నాయి. అందుకే ఈ అడుగు దాటవేయకండి. బీపీ, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) చూపించుకోండి. బీపీ, షుగర్ అయితే పీహెచ్‌సీలోనే ఉచితంగా చూస్తారు.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టర్‌ను కలిసి, గట్టి వ్యాయామం మొదలుపెడుతున్నానని ఆ మాటల్లోనే చెప్పండి. మెట్లెక్కితే ఛాతీ బిగుసుకోవడం. పనికి మించిన ఆయాసం. కళ్ళు తిరిగి పడిపోవడం. గుండె దడ. తండ్రికి లేదా అన్నదమ్ములకు 55 ఏళ్ళలోపు, తల్లికి లేదా అక్కచెల్లెళ్ళకు 65 ఏళ్ళలోపు గుండె జబ్బు. షుగర్, బీపీ, సిగరెట్ లేదా బీడీ అలవాటు. కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో నిద్రలోనో నడుస్తూనో పోయి ఉంటే అది కూడా చెప్పండి.

ఈసీజీ బాగుంటే అంతా బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ విశ్రాంతిలో ఉన్న గుండెనే చూపిస్తుంది. అవసరమనిపిస్తే డాక్టర్ ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎకో (గుండె స్కాన్) రాస్తారు. అలాగని ఏ లక్షణమూ, ఏ ముప్పూ లేనివాళ్ళు పరీక్షల ప్యాకేజీలన్నీ చేయించుకోనక్కరలేదు.

మందుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరూ అడగరు. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళకు గట్టి వ్యాయామంతో షుగర్ బాగా పడిపోవచ్చు. ఒక్కోసారి వెంటనే కాకుండా ఆ రాత్రి పడిపోతుంది. జేబులో గ్లూకోజ్ పొడి గానీ చక్కెర పొట్లం గానీ ఉంచుకోండి, మోతాదు మార్చాలేమో డాక్టర్‌ను అడగండి. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీపీ మందులు నాడిని పెరగనివ్వవు. అవి వాడేవాళ్ళకు స్మార్ట్ వాచీలో కనిపించే గుండె వేగం పనికిరాదు, మాటతో కొలిచే పద్ధతే సరైనది. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్ళు కంటి డాక్టర్ ఒప్పుకోనిదే భారీ బరువులు బిగబట్టి ఎత్తకూడదు. కాళ్ళలో తిమ్మిర్లున్నవాళ్ళు రోజూ పాదాలు చూసుకోవాలి, పొక్కు లేచినా తెలియదు కాబట్టి.

మన జిల్లాకు సంబంధించిన మాట ఒకటుంది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన ఊర్ల వాళ్ళకు మెడ, నడుము బిగుసుకుపోయి ఉంటే దాన్ని వయసు నొప్పి అనుకోకండి. వెన్ను వంచే బరువులు మొదలుపెట్టకముందే ఎముకల డాక్టర్‌కు చూపించండి.

రెండో అడుగు: మొదటి ఆరు వారాలు

ఈ ఆరు వారాల్లో ఆయాసం తెప్పించే గట్టిది ఏదీ వద్దు. వారానికి ఐదు రోజులు, రోజుకు ఇరవై నిమిషాల చురుకైన నడకతో మొదలుపెట్టి నలభై ఐదు నిమిషాలకు చేరండి. గుంపుగా కబుర్లు చెప్పుకుంటూ నడిచేది ఈ లెక్కలోకి రాదు. కబుర్లు మంచివే, నడక అయిపోయాక టీ దగ్గర చెప్పుకోవచ్చు.

గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. నాలుగో వారంలో "నాకేం కాలేదు, ఇంకా చేయగలను" అనిపించేది ఇందుకే. అప్పుడు తొందరపడినవాళ్ళకే మడమ నొప్పి, పిక్క పట్టేయడం, మోకాలి వాపు వస్తాయి. ఏళ్ళతరబడి బీడు పడిన చేనును దున్నగానే విత్తనం వేయం కదా, ఒళ్ళు కూడా అంతే.

బూట్ల మీద కొంచెం డబ్బు పెట్టండి. ఖరీదైనవి అక్కరలేదు. మడమ కదలకుండా, బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉంటే చాలు. పాదాలు సాయంత్రానికి కొద్దిగా ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం కొనండి. తారు రోడ్డు కంటే మట్టి గ్రౌండ్ మేలు.

మూడో అడుగు: బలం

నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించే అడుగు ఇది. ముప్పై దాటాక, ఏమీ చేయకపోతే, కండ పదేళ్ళకు మూడు నుంచి ఎనిమిది శాతం తగ్గుతూ పోతుంది. అన్నం తిన్నాక రక్తంలో చేరే చక్కెరలో ఎక్కువ భాగాన్ని తీసుకునేది కండే. కండ తగ్గితే ఆ చక్కెర రక్తంలోనే తిరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు నడక ఒక్కదానితో ఆగిపోకూడదని నేను పట్టుబట్టి చెప్పడానికి కారణం ఇదే. వయసు సంగతి అడిగేవాళ్ళకు 1990 నాటి అమెరికా ప్రయోగం ఒకటి చెప్పాలి. వృద్ధాశ్రమంలో ఉన్న తొంభై ఏళ్ళ వాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. వాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో పెరిగిన బలం యాభైలో పెరగదా?

మూడో వారం నుంచి వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ ఉండేలా చేయండి. కుర్చీ ముందు నిలబడి, చేతుల సాయం లేకుండా కూర్చుని లేవడం. గోడకు చేతులానించి తోయడం, అది తేలికయ్యాక దివాన్ అంచు మీద, ఆ తర్వాత నేల మీద. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం. మెట్టు మీద మునివేళ్ళతో నిలబడి మడమలు దించి ఎత్తడం. రెండు చేతుల్లో రెండు నీళ్ళ బకెట్లతో ఇంటి ముందు నడవడం. ఒక్కొక్కటి పది సార్ల చొప్పున రెండు విడతలు. చివరి రెండు సార్లు కష్టంగా ఉండాలి, నడుము మాత్రం వంకర పోకూడదు.

బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, బీపీ అమాంతం పెరుగుతుంది. ఎత్తేటప్పుడు వదలండి, దించేటప్పుడు పీల్చండి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఇరవై కిలోలకు పైనే ఉంటుంది. దాన్ని ఒక భుజాన వేసుకుని రెండో అంతస్తుకు ఎక్కే పని ఇంట్లో ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. బలం ఎందుకని అడిగితే ఆ క్యానును నడుము పట్టకుండా ఎత్తగలగడం కోసమేనని చెబుతాను.

జిమ్‌కు వెళ్ళేవాళ్ళు మొదటి రోజే ట్రైనర్‌కు మీ వయసు, మందులు చెప్పండి. ఆ కుర్రవాడు మొదటి వారమే కాళ్ళు వణికేలా చేయిస్తే మర్యాదగా వద్దనండి. అలవాటు లేకుండా వందల గుంజీలు తీసిన తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే అది కండరాలు చితికిపోయిన గుర్తు. కిడ్నీలు దెబ్బతినే అవకాశం ఉంది, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. త్వరగా కండ రావడానికంటూ ఎవరైనా ఇంజెక్షన్లు, వ్యాయామం ముందు తాగే హుషారు పొడులు ఇవ్వజూపితే తీసుకోకండి. ఈ వయసు గుండెకు వాటితో ప్రమాదం ఉంది.

నాలుగో అడుగు: ఆయాసం

ఏడో వారం నుంచి వారంలో ఒక్క రోజు. పది నిమిషాలు నడిచి ఒళ్ళు వేడెక్కాక, ముప్పై సెకన్లు మాట రానంత వేగంగా, తొంభై సెకన్లు నెమ్మదిగా. ఇలా ఆరు సార్లు. ఆ తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా నడిచి ఆపండి. గట్టిగా చేసి టక్కున ఆగి నిలబడితే రక్తం కాళ్ళలోనే ఉండిపోయి కళ్ళు తిరుగుతాయి.

రెండు మూడు వారాలకొకసారి వేగంగా చేసే సమయాన్ని కొద్దికొద్దిగా పెంచండి, ఒక నిమిషం, రెండు నిమిషాలు, మూడు. నాలుగో నెల నుంచి వారానికి రెండు రోజులు చేయొచ్చు, వరుస రోజుల్లో మాత్రం వద్దు. ఆరో నెలకు చేరాల్సిన రూపం నార్వే పరిశోధకులు ప్రచారంలోకి తెచ్చిన నాలుగు నాలుగుల పద్ధతి. నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగు విడతలు. డాలస్ వాళ్ళు చేయించిన ఇంటర్వెల్స్ కూడా ఇవే.

ఎంత గట్టిగా అనేదానికి లెక్క ఉంది. మీ వయసును 0.7తో గుణించి 208 నుంచి తీసేయండి. యాభై ఏళ్ళకు 173 వస్తుంది. గుండె నిమిషానికి సుమారుగా కొట్టుకోగల గరిష్ఠం అది. నాలుగు నిమిషాల విడత చివర్లో అందులో 85 నుంచి 95 శాతం, అంటే 147 నుంచి 164 దాకా ఉండాలి. వాచీ లేకపోతే మణికట్టు దగ్గర పది సెకన్లు నాడి లెక్కపెట్టండి, 25 నుంచి 27 వస్తే సరిపోయింది. ఈ సూత్రం అందరికీ అచ్చంగా సరిపోదు, పది అటూ ఇటూ ఉండొచ్చు.

మోకాళ్ళు నొచ్చేవాళ్ళు, బరువు ఎక్కువున్నవాళ్ళు పరుగు జోలికి పోవద్దు. గుట్ట ఎక్కండి. దగ్గర్లో గుత్తి కోట, పెనుకొండ ఉన్నాయి. ఎక్కేటప్పుడు గుండెకు పని ఎక్కువ, మోకాళ్ళకు దెబ్బ తక్కువ. దిగేటప్పుడే మోకాళ్ళ మీద భారం పడుతుంది, అందుకే మెల్లగా దిగాలి. తిరుమల మొక్కు ఉన్నవాళ్ళకు ఇంకో వీలుంది. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. ఆరో నెలలో ఆ మెట్లెక్కి, దర్శనం చేసుకుని, బస్సులో దిగి రండి. అలిపిరి దారి 3,550 మెట్లు, అది ఆ తర్వాత.

ఎండ

మన ఎండాకాలం గురించి తెలియని విషయం లేదనుకుంటాం. ఒక సంగతి మాత్రం తప్పిపోతుంది. మన గాలి పొడిది, చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది. ఒళ్ళు తడవలేదు కాబట్టి నీళ్ళు పోలేదనుకుంటాం. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు చూడండి, అవే చెబుతాయి. వ్యాయామానికి ముందూ తర్వాతా బరువు చూసుకుంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, ఒక కిలో తగ్గితే దాదాపు లీటరు నీళ్ళు పోయినట్టే. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మంచిది, బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించుకోండి.

మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా గట్టి వ్యాయామం పొద్దున ఆరున్నరలోపు అయిపోవాలి. ఎండ మొదలైన కొత్తలో పది, పద్నాలుగు రోజులు వేగం తగ్గించండి, ఒళ్ళు వేడికి అలవాటు పడటానికి అంత సమయం పడుతుంది. సాయంత్రం బయట చేయాలనుకుంటే బండలు, రోడ్లు చల్లారేదాకా ఆగండి.

తిండి

కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. ఈ పని చేసే నడివయసు మనిషికి కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము, వీలైతే 1.2 గ్రాములు ఉండాలి. 65 కిలోల మనిషికి 65 నుంచి 78 గ్రాములు. మన తిండిలోనే దొరుకుతాయి. గుప్పెడు చెనిక్కాయ విత్తనాలు, అంటే యాభై గ్రాములు, 12 గ్రాములకు పైనే ఇస్తాయి. రెండు గుడ్లు ఇంకో 12. యాభై గ్రాముల ఉలవలు 11. పెద్ద గ్లాసు పెరుగు 8, గిన్నెడు పప్పు 7 లేదా 8. సంగటి ముద్ద కూడా కొంత ఇస్తుంది. కోడికూర తినేవాళ్ళకు ఇంకా సులువు. చెనిక్కాయల్లో నూనె ఎక్కువ, బరువు తగ్గాలనుకునేవాళ్ళు గుప్పెడు దగ్గరే ఆపాలి. ఉగ్గాని, బజ్జీ వారానికి ఒక రోజు తింటే ఏమీ కాదు, గ్రౌండ్ నుంచి నేరుగా రోజూ అక్కడికే వెళ్తే మాత్రం చేసిన శ్రమ నిలవదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాంసకృత్తులు పెంచేముందు డాక్టర్‌ను అడగాలి.

ఆడవాళ్ళకు

"ఇంటి పని చేస్తున్నాం కదా, వేరే వ్యాయామం ఎందుకు?" అంటారు. ఇంటి పని అలసటనిస్తుంది, కండరానికి క్రమంగా పెరిగే బరువు మాత్రం ఇవ్వదు. ముట్లు ఆగే వయసులో ఎముక త్వరగా పలచబడుతుంది. దాన్ని నెమ్మదింపజేసేవాటిలో బరువులు ఎత్తడం ముఖ్యమైనది. పైన చెప్పిన కుర్చీ, గోడ, బకెట్ల పని ఇంట్లోనే తలుపేసుకుని చేసుకోవచ్చు. గెంతినప్పుడు, దగ్గినప్పుడు మూత్రం జారితే సిగ్గుపడి మొత్తం మానేయకండి. గైనకాలజిస్ట్‌ను అడిగితే కటి కండరాల వ్యాయామాలు నేర్పుతారు, చాలామందికి వాటితో తగ్గుతుంది. ఇంట్లో మగవాళ్ళకు కూడా ఒక మాట. పొద్దున ఆ గంట ఆమెకు దొరకాలంటే పాలు కాచేది, పిల్లల డబ్బాలు కట్టేది మీరే.

ఎప్పుడు ఆపాలి

ఛాతీ మధ్యలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, కళ్ళు చీకట్లు కమ్మడం, వీటిలో ఏది వచ్చినా ఆ క్షణమే ఆపి కూర్చోండి. 108కు ఫోన్ చేయించండి. గ్యాస్ అనుకుని సోడా తాగి, పడుకుంటే తగ్గుతుందిలే అని గంటలు పోగొట్టుకున్న కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. గ్యాసో కాదో తేల్చాల్సింది ఆసుపత్రిలో. బండి మీరే నడుపుకుంటూ వెళ్ళకండి.

మీతోపాటు చేసేవాళ్ళలో ఒక్కరైనా సీపీఆర్, అంటే గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే పద్ధతి, నేర్చుకుని ఉండాలి. పడిపోయిన మనిషి పలకకుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే, ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, రెండు అంగుళాలు దిగేలా, అంబులెన్స్ వచ్చేదాకా నొక్కుతూ ఉండాలి.

చిన్న సంకేతాలు వేరే ఉంటాయి. కండరాల నొప్పి రెండు మూడు రోజుల్లో పోతుంది, దానికి భయపడనక్కరలేదు. కీలు దగ్గర, ఒకే చోట పొడిచినట్టున్న నొప్పి అలా కాదు, దానికి విశ్రాంతి కావాలి. పొద్దున లేవగానే నాడి మామూలు కంటే పది ఎక్కువ కొట్టుకుంటున్నా, నిద్ర సరిగా లేకపోయినా ఆ రోజు గట్టిది వదిలేసి నడవండి. జ్వరంలో అసలు వద్దు. తగ్గాక కూడా వారం రోజులు నడక మాత్రమే.

పెళ్ళిళ్ళు, ఊరి జాతర, చేలో పని, ఏదో ఒకటి మధ్యలో వచ్చి రెండు వారాలు తప్పిపోతుంది. అప్పుడు ఆపిన చోట నుంచి కాకుండా దానిలో సగం నుంచి మొదలుపెట్టండి. నెల దాటి ఆగితే రెండో అడుగుకు వెళ్ళి, రెండు వారాల నడక తర్వాత మళ్ళీ ముప్పై సెకన్ల విడతలు పట్టుకోండి.